కంఠతా వచ్చిన కీర్తన

"రేపే బడి తెరవాలి. ఒకటో తరగతికి చదవడం మీరే నేర్పాలండి," అంటూ రూతమ్మ టీచరు పాఠాల పట్టికను తిమోతి మాస్టారి ముందు పెట్టింది.

"నా వల్ల కాదు. ఇంకెవరినైనా చూడమ్మా."

"ఎవరున్నారండి? ఫ్రెంచివాళ్లు యానాం వదిలేసి పోయారు. ఇక చదువంతా తెలుగే. ఉన్నది మనిద్దరమే."

మాస్టారు లేచి తలుపు దగ్గరగా వేశారు.

"నాకు తెలుగు చదవడం రాదమ్మా. చిన్నప్పుడే పుదుచ్చేరి పంపేశారు. చదివిందీ చెప్పిందీ ఫ్రెంచే. పైవాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోద్ది."

"అదేంటండి! ఆదివారం చర్చిలో కీర్తనల పుస్తకం చూసి పాడతారు కదా?"

"చూసి కాదమ్మా. అన్నీ కంఠతా వచ్చు. పక్కవాళ్లు పేజీ తిప్పితే నేనూ తిప్పుతాను."

రూతమ్మ పట్టికలో మొదటి వారం పాఠాలు కొట్టేసి, 'పిల్లలకు కంఠతా వచ్చిన పాటలు' అని రాసింది. సంచిలోంచి కీర్తనల పుస్తకం తీసి తెరిచింది.

"మీరు పాడండి. నేను ఒక్కో మాట మీదా వేలు పెడతాను."

ఆయన సన్నగా అందుకున్నారు. మూడో మాట దగ్గర పాట ఆపేశారు.

"'తండ్రి' అని రాస్తే ఇలా ఉంటుందామ్మా?" అన్నారు, నలభై ఏళ్లుగా పాడుతున్న ఆ మాటను వేలితో తడుముతూ.