ఏడంతస్తుల పటం

"నా ఆఫీసులో నీకు కుర్చీ లేదు మరదలా. వెళ్లి ఆ భవనం ఉద్యోగంలో చేరు."

వడ్డిస్తున్న అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. చెల్లెలి ముఖం మాడిపోయింది. మాడదా మరి? చదువు అవగానే తన దగ్గరే చేర్చుకుంటానని రెండేళ్లుగా ఊరించింది ఈ బావే. ఆఫీసులకు అద్దె స్థలాలు కుదర్చడం ఆయన పని. ఒక్క పెద్ద ఒప్పందం కుదిరితే చాలు, ఆరు నెలలు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ఆమెకున్న రెండో దారి, ఏడంతస్తుల ఆఫీసు భవనానికి మేనేజరుగా చేరడం. నెల జీతం. లిఫ్టు ఆగినా, కుళాయి కారినా ముందు మోగేది ఆమె ఫోనే.

"కమిషన్ బతుకు నీకెందుకు? ముందు ఒక భవనాన్ని లోపల్నుంచి నేర్చుకో. నీ మంచికే చెబుతున్నా," అన్నాడు బావ.

నమ్మించి గొంతు కోశాడని ఆ రోజంతా అక్క దగ్గర ఏడ్చింది. ఇక జన్మలో ఆయన ఆఫీసు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. వేరే దారి లేక ఆ ఉద్యోగంలోనే చేరింది.

చేరాక తెలిసింది, పని మరీ అంత చేదేం కాదని. రెండో అంతస్తు ఆడిటర్లకు చప్పుడు గిట్టదు. నాలుగో అంతస్తు కంటి డాక్టరుకు కుళాయిలో ధార సన్నబడితే ప్రాణం మీదికొచ్చినట్టే. ఐదు, ఆరు అంతస్తులు కాల్ సెంటరువి. భవనం నిలబడింది వాళ్ల అద్దె మీదే.

ఆదివారాలు అక్క ఇంట్లో భోజనాలయ్యాక బావ పాఠం మొదలుపెట్టేవాడు. ఒకసారి చార్టు కాగితం, రంగు పెన్సిళ్లు తనే కొనుక్కొచ్చాడు. భవనాన్ని గడులు గడులుగా గీయమన్నాడు. ఏ అంతస్తులో ఎవరున్నారు, వాళ్ల ఒప్పందం ఏ నెలతో ముగుస్తుంది, అన్నీ రాయమన్నాడు. హాయిగా ఉన్నవాళ్లకు పచ్చరంగు, సణుగుతున్నవాళ్లకు ఎరుపు.

"ఇది గీయగలిగినవాళ్లే మేనేజర్లు. మిగతావాళ్లు ఉత్త కాపలాదార్లు," అన్నాడు.

రెండు ఆదివారాలు కూర్చుని గీసింది. తప్పులు దిద్ది ఇస్తానని పట్టుకెళ్లాడు. మళ్లీ ఇవ్వలేదు. ఎక్కడో పారేసి ఉంటాడులే అనుకుంది. అయినా ఆమె కోపం ఎప్పుడో కరిగిపోయింది. కన్నతండ్రి కూడా ఇంత ఓపిగ్గా నేర్పడని అక్కతో అంది.

ఎనిమిదో నెలలో ఆడిటర్లు ఖాళీ చేశారు. తర్వాత కంటి డాక్టరు. ఆ వెనకే మూడో అంతస్తు శిక్షణా కేంద్రం. ముగ్గురూ వెళ్లింది వీధి చివర కొత్తగా లేచిన అద్దాల భవనంలోకే. నిన్నటిదాకా నవ్వుతూ పలకరించినవాళ్లు ముఖం చాటేసి సామాను దించుకుపోతుంటే ఆమెకు కడుపు రగిలిపోయింది. వాళ్ల కోసం ఎన్ని పూటలు తిండి మానేసి పంపుల దగ్గర నిలబడిందో!

యజమాని పిలిపించాడు. ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, ఎవరికి ఏం నచ్చడంలేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తోందని నిలదీశాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కాల్ సెంటరు కూడా కదిలిందా, నువ్విక రానక్కర్లేదు. ఈ ఊళ్లో ఇంకెవరూ నీ చేతికి భవనం అప్పగించరు."

దొంగ అన్న మాట ముల్లులా దిగింది. తాళాలు చూసుకునే సూపర్‌వైజరును, ఎలక్ట్రీషియన్‌ను ఒక్కొక్కరినే తలుచుకుంది. పాపం, ఎవరినీ అనుమానించడానికి మనసొప్పలేదు. ఎలాగైనా కాల్ సెంటరును నిలబెట్టుకోవాలి. లిఫ్టుతో వాళ్లు విసిగిపోయారని పోయిన ఆదివారమే బావతో చెప్పింది. "ఆ సంగతి నాకొదిలెయ్," అన్నాడు. ఇప్పుడిక ఆయనే దిక్కు.

ఒట్టు గట్టున పెట్టి మొదటిసారి బావ ఆఫీసు మెట్లెక్కింది. ఆయన బయటికెళ్లాడు, వచ్చేస్తాడంటూ గుమస్తా ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టాడు.

తలెత్తి చూస్తే, బావ కుర్చీ వెనక గోడ మీద ఆమె గీసిన పటం. చక్కగా అద్దం కట్టించి మరీ పెట్టుకున్నాడు. పారేయలేదు! ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషినా అన్ని తిట్లు తిట్టుకుంది? సిగ్గేసింది. తన అక్షరాలు తనే దగ్గరగా చూసుకుందామని లేచి వెళ్లింది.

దాని పక్కనే వేలాడుతున్న అద్దాల భవనం పటంలో, ఆమెను వదిలి వెళ్లిన ముగ్గురి పేర్ల కింద, నాలుగో గడిలో, ఖాళీ చేస్తామని ఇంకా నోటీసైనా ఇవ్వని కాల్ సెంటరు పేరు బావ చేతిరాతలో ఉంది.