పల్లపు చేను ఆసామి

"ఫొటో దిగటానికొచ్చారా, పని చేయటానికొచ్చారా?"

ఇస్త్రీ ప్యాంటుతో స్కూటర్ దిగిన పెద్దమనిషిని వెంకటేశ్వరమ్మ అడిగిన మొదటి మాట అది.

ఆమెను తప్పుపట్టటానికి లేదు. కట్ట పని మొదలైన దగ్గర నుంచీ పట్నం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పార పట్టుకుని ఒక ఫొటో, ఆ పార అక్కడే పడేసి కారెక్కటం.

"ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చానమ్మా," అన్నాడాయన. "నా పేరు శ్యామ్ సుందర్. బ్రాడీపేటలో ఉంటాను. నేను ఎందుకొచ్చానంటే..."

"ఎందుకొచ్చారో తర్వాత చెబుదురుగాని. ముందు ఆ తట్ట అందుకోండి."

వెంకటేశ్వరమ్మ ఎదుటి మనిషిని మాట పూర్తి చేయనివ్వదు. ప్రత్తిపాడు పక్కన ఆ చిన్న ఊళ్లో పంచాయతీ మైకు కంటే ఆమె గొంతే ముందు వినబడుతుంది.

ఆమె కష్టం కూడా ఆ గొంతంత పెద్దదే. ఆమె మిరప చేను మెరక మీద ఉంది. పెద్ద వాన పడితే చాలు, నల్లమట్టి కరిగి వంకలో పడి కిందికి పోతుంది. ఏటికేడు మట్టి పోయి కింద గరుసు తేలింది. ఈ ఏడు కూడా పోతే ఇక ఆ చేలో మొక్క నిలవదు.

అందుకే మెరక రైతులంతా కలిసి, ప్రతి ఆదివారం వంకకు అడ్డంగా కట్ట పోస్తున్నారు. వానల్లోపు పూర్తి కావాలి.

అయితే ఒక భయం ఉంది. ఇన్నాళ్లూ ఆ మట్టీ నీళ్లూ చేరింది కింద ఉన్న పల్లపు చేలోకి. దాన్ని కొన్న ఆసామి గుంటూరులో ఉంటాడు. కౌలుదారు తప్ప ఊళ్లో ఎవరూ ఆయన మొహం చూడలేదు. మాట్లాడితే ఆ కౌలుదారు యలమందే మాట్లాడాలి. ఆ యలమంద ఎవరి వైపు ఉండాలో తేలక కట్ట ఛాయలకే రావటం లేదు.

"ఆ ఆసామి కోర్టుకెళ్లి పని ఆపిస్తాడంట," అన్నాడు పక్క చేను ఇమాం హుస్సేన్, మట్టి తొక్కుతూ.

"ఆపిస్తాడు, ఎందుకాపించడు! ఇన్నేళ్లూ నా మట్టి తినేగా బలిసింది!" వెంకటేశ్వరమ్మ పలుగు నేలకేసి కొట్టింది.

శ్యామ్ సుందర్ తట్ట దించి, "నిజమేనమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన అందరికీ నచ్చాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఇంత దూరం వచ్చి ఈ పాట్లు ఎందుకండీ మీకు?"

"ఈ పని చేసిన రోజు నిద్ర బాగా పడుతోందమ్మా."

"ఐతే రోజూ రండి!"

అందరూ నవ్వారు. వెంకటేశ్వరమ్మ తన క్యారేజీలో గోంగూర పచ్చడన్నం సగం ఆయనకు పెట్టింది. అప్పటి నుంచీ ఆయన అన్నయ్య గారు అయ్యాడు.

ఆ పైవారం ఆయన వెంట మార్టూరు నుంచి ఒక లారీ వచ్చింది. నిండా గ్రానైటు ముక్కలు.

"తెలిసినవాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చాను. కట్ట కోసుకుపోకుండా పరుద్దాం."

"మా ఇంట్లో నాపరాళ్లు, కట్టకి గ్రానైటా!" వెంకటేశ్వరమ్మ సంబరపడిపోయింది.

కట్ట పూర్తయిందనుకున్న రోజు శ్యామ్ సుందర్ పైకెక్కి చూసి, "ఇంతేనా? పెద్ద వానొస్తే దాటిపోదూ?" అన్నాడు.

ఇమాం హుస్సేన్ అసలు సంగతి చెప్పాడు. "మరీ ఎత్తు లేపితే ఆ ఆసామికి కోపమొస్తదని తగ్గించామండీ."

"ఆయనకి భయపడి తగ్గించుకుంటారా? ఇంకో మూర లేపండి. ఆయనేం కోర్టుకెళ్లడు."

"మీకెట్టా తెలుసు? ఆయనేమన్నా మీ మేనమామ కొడుకా?" అంది వెంకటేశ్వరమ్మ.

ఆయన నవ్వి పార అందుకున్నాడు. ఆ పూటే ఇంకో మూర లేచింది.

వాన మామూలుగా రాలేదు. కుండపోతగా కురిసింది. తెల్లారగానే ఊరంతా వంక దగ్గరికి పరుగెత్తింది.

కట్ట నిలబడింది!

నీళ్లు పై అంచుకి జానెడు దూరంలో ఆగి, పక్కన కట్టిన అలుగు మీదుగా మెల్లగా జారుతున్నాయి. అంతకు ముందు ఎత్తే ఉంటే కట్ట మీదుగా పొర్లి, తెంపుకుపోయేవి.

వెంకటేశ్వరమ్మ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగింది. అడుగు నుంచి దోసెడు నల్లమట్టి తీసి అందరికీ ఎత్తి చూపించింది.

"నా మట్టి! నా మట్టి ఎక్కడికీ పోలా! ఎండాకాలం తోలుకుని మళ్లీ చేలో పోసుకుంటా!"

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఇమాం హుస్సేన్ ఈల వేశాడు.

ఆ సంబరం మధ్యలోనే యలమంద నుంచి కబురొచ్చింది. ఆదివారం ఆసామి చేను చూసుకోవటానికి వస్తున్నాడట.

"రానీ! కట్ట మీద చెయ్యి వేయమను చూద్దాం!"

ఆదివారం పొద్దున్నే ఆడా మగా పారలు పట్టుకుని కట్ట పొడవునా వరసగా నిలబడ్డారు. అప్పుడే శ్యామ్ సుందర్ స్కూటర్ వచ్చింది.

"రండి అన్నయ్య గారూ, సమయానికొచ్చారు. ఆ ఆసామి వస్తన్నాడు. ఇట్టా నా పక్కన నిలబడండి."

"అమ్మా, నేను చెప్పేది కాస్త..."

"మీరు మాట్లాడబాకండి. అంతా నేను చూసుకుంటా."

ఆయన నిట్టూర్చి కట్టెక్కి, ఆమె పక్కన నిలబడ్డాడు. అందరితోపాటు తనూ రోడ్డు వైపు చూశాడు.

ఎండ ఎక్కింది. రోడ్డు మీద ఎవరూ రాలేదు.

చివరికి పల్లపు చేలో నుంచి యలమంద ఒక్కడే రొప్పుతూ వచ్చాడు.

"ఏడిరా మీ ఆసామి? మమ్మల్ని చూసి జడుసుకున్నాడా?" అరిచింది వెంకటేశ్వరమ్మ.

యలమంద ఆమె పక్కనున్న మనిషికి చేతులు జోడించి, "ఇక్కడున్నారా అయ్యగారూ, మీ కోసం చేనంతా వెతుకుతన్నాను," అన్నాడు.