శుక్రవారం తీసేసిన వార్త

“ఆ వార్త ఎందుకు తీసేసినావు సింధూరా?” ఫోన్లో దినకర్ గొంతు కరుగ్గా ఉంది.

సింధూర తిరుత్తణిలో ఇంట్లోనే కూర్చుని ‘కబుర్లపెట్టె’ అనే యాప్‌కి పనిచేస్తోంది. జనం పెట్టే తెలుగు వార్తలు చూసి, మంచివి ఉంచి చెడ్డవి తీసేయడం ఆమె ఉద్యోగం. దినకర్ ఆమె పైఅధికారి. ఆవడిలో తన ఇంటినుంచే నలుగురి మీద పెత్తనం చేస్తుంటాడు.

“ఏ వార్త అన్నా?”

“వెంగల్‌లో తిరుమలయ్య అని ఒక రైతు పెట్టినాడే, వడ్లు తడిసిపోయినాయని! పోయిన శుక్రవారం తీసేసినావు. కారణం ‘హింస’ అని నొక్కినావు. వడ్లలో హింస యాడుందమ్మా? ఆ పెద్దాయన అప్పీలు పెట్టి పొద్దున్నించి నా నెత్తిన కూర్చోనుండాడు. పదకొండుకు వీడియో కాల్‌లోకి రా. ఆ వార్త నువ్వే గట్టిగా సదివి, అందులో ఏ మాట తప్పో చెప్పల్ల. లేదంటే నీ ఉద్యోగం పర్మినెంట్ కాదు, ఈ నెలతో సరి.”

ఫోన్ పెట్టేశాడు.

సింధూరకు తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు. చదవటం రాదు. బళ్ళో చదివిందంతా తమిళం. ఇంటర్వ్యూలో “తెలుగు వచ్చా?” అన్నారు, “వచ్చు” అంది. అందులో అబద్ధమేముంది? అక్షరాలొచ్చా అని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పేంత అమాయకురాలు కాదామె.

కాబట్టి అసలు ఉద్యోగం చేసేది ఆమె అవ్వ కస్తూరమ్మ. అవ్వ పాతకాలం తెలుగు బళ్ళో అయిదు దాకా చదివింది. ఆమె వార్త చదివి ‘ఉంచు’ అనో ‘తీసెయ్’ అనో అంటుంది, సింధూర నొక్కుతుంది. కంపెనీ రూల్సు ఇరవై పేజీలు. అవ్వ రూల్సు అంతకంటే ఎక్కువే, కాకపోతే ఎక్కడా రాసి లేవు. అల్లుడు అత్తను తిడితే తీసెయ్యాలి. అత్త అల్లుణ్ణి తిడితే ఉంచాలి. వంకాయల ధర మీద ఎవరు ఎవర్ని ఎంత తిట్టినా ఉంచాల్సిందే.

“అవ్వా, ఆ వడ్ల వార్త ఎందుకు తీసెయ్యమన్నావు?”

కస్తూరమ్మ దేవుడి పటాలకు పూలు పెడుతోంది. వెనక్కి కూడా తిరగలేదు.

“శుక్రవారం పొద్దున, దీపం పెట్టిన ఇంట్లో, మా బతుకు అదెక్కింది అని రాస్తాడా? పోయినోళ్ళను పండబెట్టి మోసుకుపోతారే, అది! ఆ మాట నా నోటితో ఎట్లా అనేది? తీసెయ్యమన్నా.”

“దానికోసమా! ఆఫీసర్లు చూసి వస్తారని పెట్టుకున్నాడవ్వా ఆయప్ప. పాపం కదా!”

“శనివారం పెట్టుకోమను. ఎవురొద్దన్నారు?”

సింధూరకు ఏడుపొచ్చింది. “నాకు సదవను రాదని నిజం చెప్పేస్తా.”

“నిజం సాయంత్రం గూడా చెప్పొచ్చు. ముందు పదకొండు దాటనీ,” అంది అవ్వ.

పదకొండుకు సింధూర లాప్‌టాప్ ముందు కూర్చుంది. అవ్వ బల్ల కింద దూరింది, చేతిలో ఆ వార్త తెరిచిన సింధూర ఫోను, ముక్కు మీద కళ్ళద్దాలు. డెబ్బై రెండేళ్ళ మనిషికి అది తేలిక కాదు. కానీ తప్పెవరిదో ఆమెకూ తెలుసు.

“ఊఁ, సదువు,” అన్నాడు దినకర్.

“వెంగల్‌లో వడ్లు కొనే చోట టార్పాలిన్ గూడా కప్పలేదు,” కింద నుంచి గుసగుస.

“వెంగల్‌లో వడ్లు కొనే చోట టార్పాలిన్ గూడా కప్పలేదు,” అంది సింధూర.

దినకర్ పక్కకి చూశాడు. కాసేపు ఆగి తలూపాడు. నెట్ స్లోగా ఉన్నట్టుంది అనుకుంది సింధూర.

“మూడు దినాల వానకు మూటల్లోనే మొలకలొచ్చినాయి. అయ్యో పాపం, ఇది నేను సరిగ్గా సూడలేదే!”

“మూడు దినాల వానకు మూటల్లోనే మొలకలొచ్చినాయి. అయ్యో పాపం, ఇది నేను...” సింధూర నాలుక కరుచుకుంది.

దినకర్ మళ్ళీ పక్కకి చూశాడు. “అయ్యో పాపం అనేది వార్తలో లేదే?”

“అది... నా బాధ అన్నా.”

మళ్ళీ పక్కచూపు. “శరి, బాధపడినావు కదా, సంతోషం. సీక్రం కానీ.”

“ఒక్క ఆఫీసర్ గూడా తొంగి సూడలేదు,” అని అవ్వ అంది, సింధూర అంది, దినకర్ పక్కకి చూసి తలూపాడు.

ఇక చివరి వాక్యమే మిగిలింది. సింధూర చెవులు రిక్కించింది. బల్ల కింద ఉలుకూ పలుకూ లేదు. కాలితో మెల్లిగా తట్టింది.

“ఈ పొద్దు గూడా శుక్రవారమే కదే,” అని గొణిగింది అవ్వ.

“అవ్వా!” పళ్ళ బిగువున అంది సింధూర.

“శరి శరి. మా బతుకు ఆ మాట ఎక్కింది.”

వేరే దారి లేదు. సింధూర కళ్ళు మూసుకుని గట్టిగా అనేసింది. “మా బతుకు ఆ మాట ఎక్కింది!”

దినకర్ పక్కకి చూసేలోపే, అటుపక్కనుంచి తెర మీదికి ఒక తెల్లమీసం దూసుకొచ్చింది.

“ఏ మాట? పాడె! మా బతుకు పాడెక్కింది! నీకైతే తెలుగు సదవను రాదు దినకరా, రాసినోణ్ణి, మీ తాతను, నాకు తెలీదా?”