ఖాళీ బండి మూలుగు

రెండేళ్లు శ్రమపడి బాగుచేసిన పాతకాలపు లారీ ఆ రాత్రి మొదటిసారి కదిలింది. షెడ్డులో ఒంటరిగా ఉన్న మెకానిక్ సంబరం పట్టలేక బాబాయికి ఫోన్ చేసి, బండిని రెండడుగులు నడిపి చప్పుడు వినిపించాడు. చప్పుడును బట్టే ఏ లారీ చరిత్రైనా చెప్పగల మనిషి ఆయన.

"ఇంజను బంగారంరా. కానీ అంత లోడెందుకు వేశావ్?"

"లోడేంటి బాబాయ్, ఖాళీ బండి!"



"ఖాళీ బండి అలా మూలగదురా. ఇంజనాపి, వెనక స్ప్రింగు కట్టలు చూడు."

టార్చి వేసి చూశాడు. తొట్టిలో ఏమీ లేదు. దాని కింద స్ప్రింగు కట్టలు మాత్రం పెద్ద బరువు మోస్తున్నట్టు బల్లపరుపుగా అణిగిపోయి ఉన్నాయి. అతను చూస్తుండగానే అవి కిర్రుమంటూ, మెల్లగా, పైకి లేచాయి.

ఆ చప్పుడు ఫోన్‌లో బాబాయికీ వినిపించింది.

"లోడు దిగిందిరా. నీ పక్కన ఎవరున్నారు?"