అద్దం దించుకుని

“ఇయ్యాల కాదు సార్. సోమారం తీస్కరాండ్రి,” అన్నాడు మొగిలయ్య కారు బానెట్ మూసేస్తూ.

“సోమవారం నాకు పనికిరాదు. మధ్యాహ్నానికి రాజమండ్రి బయల్దేరాలి. ఏసీ లేకుండా కదలను,” అన్నాడు సత్యనారాయణమూర్తి.

పొద్దున తొమ్మిదికే నాచారం పారిశ్రామికవాడలోని ఆ రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. మే నెల. మొగిలయ్య ముందు అప్పటికే రెండు కార్లు వరసలో ఉన్నాయి. ఇదేమో పాతికేళ్ల కిందటి మారుతి.

“దీంట్ల ఉండేది పాత గ్యాసు సార్, ఇప్పుడది దొర్కుతలేదు. కొత్త గ్యాసుకు మార్చాలంటె కంప్రెసర్ల పాత ఆయిల్ మొత్తం గుంజాలె. రబ్బర్ రింగులు, డ్రయ్యర్ కొత్తయి ఎయ్యాలె. పాత ఆయిల్ మీదనే కొట్టిస్తె నెల తిరక్కముందే కంప్రెసర్ పట్టేస్తది. చార్ల ఇంకిన్ని నీళ్లు పోసినట్టు గాదు.”

“అన్నీ మార్చు.”

“కోడికన్న మసాలా ఎక్కువైతది సార్!”

“మా ఆవిడ ఎండకు తట్టుకోలేదు, మొగిలయ్యా.”

మొగిలయ్య కొంచెం మెత్తబడ్డాడు.

“ఎప్పటిసంది పన్జేస్తలేదు ఏసీ?”

“ఆరేళ్లయింది. ఎండలు ముదిరినప్పుడల్లా తను అడగడం, వచ్చే ఏడు చూద్దాం అని నేననడం.”

“మంచిగున్నది! మరి మేడం ఇన్నేండ్లు ఎట్ల కూసున్నది?”

“అద్దం దించుకుని.”

మొగిలయ్యకు ఒళ్లు మండింది. చదువుకున్న మనిషి, ఆరు ఎండాకాలాలు పెళ్లాన్ని వేడిగాలికి వదిలేశాడు. ఇవాళ ఉన్నట్టుండి తొందరట.

“ఇప్పుడేడున్నది మేడం?”

“గోడవతల. కానుగచెట్టు దగ్గర.”

“గీ ఎండలనా? జర లోపలికి రమ్మనుండ్రి సార్. ఫ్యాన్ కింద కూసుంటది.”

“రాదు. లోపలికి రాకూడదు.”

షెడ్డులో మసి ఉంటుంది నిజమే. దానికంత పట్టింపా అని మొగిలయ్య మనసు చివుక్కుమంది. కానీ ఎదుటి మనిషి మొహం చూస్తే కోపం దిగింది. మూడు రోజుల గడ్డం, నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు. ఆలుమగలకు గట్టిగానే చెడినట్టుంది. ఎవరి కోపమైతేనేం, ఎండలో ఉన్నది ఆ తల్లి. రెండు కార్లనూ పక్కకు నెట్టి, మారుతిని లోపలికి లాగాడు.

పని సాగుతుంటే మూర్తి ఒకచోట నిలవలేదు. గోడదాకా వెళ్లి అవతలికి తొంగిచూసి వస్తాడు. మళ్లీ వెళ్తాడు. మొగిలయ్య ఉండబట్టలేక కుండలోని నీళ్లు గ్లాసులో ముంచి చేతికిచ్చాడు.

“మేడంకు ఇచ్చి రాండ్రి.”

మూర్తి ఆ గ్లాసు అందుకుని గోడవైపు రెండడుగులు వేసి ఆగాడు. “ఆమె తాగదు,” అని తిరిగి ఇచ్చేశాడు.

“అంత కోపమా సార్? ఏం కొట్లాడిన్రేంది?”

“లేదయ్యా. ముప్పై ఏళ్లలో నన్ను ఒక్కమాటా అనకుండా ఉన్నది ఇప్పుడే.”

“అనకుంటెనే భయపడాలె సార్. మా ఇంటామె గూడ గంతే,” అని నవ్వాడు మొగిలయ్య. మూర్తి మళ్లీ గోడవైపు నడిచాడు.

పాత ఆయిల్ నల్లగా డబ్బాలోకి కారింది. రింగులు మారాయి, డ్రయ్యర్ మారింది. కొత్త గ్యాసు ఎక్కేసరికి రెండయింది. మొగిలయ్య ఇంజన్ నడిపించి, గాలి వచ్చే జాలీ ముందు చెయ్యి పెట్టాడు. మంచుముక్క ఆనినట్టయింది.

“పట్టుకొని సూడుండ్రి సార్! రాజమండ్రి దాక మేడం సల్లగ నిద్రపోతది. ఇగ అద్దం దించే పనే లేదు.”

మూర్తి చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి వెనక్కి తీయడానికి చాలాసేపు పట్టింది.

“ఇంత పనికి ఒక్క పూట చాలా, మొగిలయ్యా?”

“ఒక్క పూటనే సార్. ఎన్నడు తెచ్చినా గంతే.”

మూర్తి డబ్బులిచ్చి కారు బయటికి తీశాడు. పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్లైనా ముట్టని ఆ తల్లిని తనే బతిమాలదామని, తన టిఫిన్ డబ్బాలోని మజ్జిగ గ్లాసులో పోసుకుని మొగిలయ్య కూడా కారు వెనకే గేటు దాటాడు.

కానుగచెట్టు కింద ఎవరూ లేరు. మూర్తి కొమ్మకు కట్టిన తెల్లగుడ్డ మూట విప్పి, అస్థికల కుండను ముందు సీట్లో ఒద్దికగా కూర్చోబెట్టి, చల్లగాలిని దానివైపు తిప్పి, పక్క అద్దం పైకెత్తాడు.