చప్పుడు లేని బండి

"దీన్ని స్టార్ట్ చేస్తే పక్కన పడుకున్న పిల్లి కూడా కళ్లు తెరవదమ్మా," అన్నాడు థూసో, కరెంటు పికప్ బానెట్ మీద చెయ్యి ఆనించి.

ఒనలెన్నా నమ్మలేదు. పాత బండ్లూ కొత్త బండ్లూ అమ్మే ఆ యార్డు చివర ముళ్లచెట్టు దాకా నడిచి వెళ్లింది. అటు తిరిగి, కళ్లు మూసుకుని నిలబడింది.

"ఇప్పుడు నా దగ్గరికి తోలు."

బండి వచ్చి వీపు వెనక ఆగేదాకా ఆమెకు తెలియనే లేదు. థూసో కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. లెత్లఖానె ఊళ్లో ఈమె గొడవ తెలియనివాడు లేడు. చప్పుడు లేని బండి ఈమెకెందుకో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె భర్త పోయి ఏడాది కాలేదు. ఒంటి మీద ఇంకా నల్లబట్టలే. రాజధాని గాబరోన్‌లో ఆఫీసు ఉద్యోగం వెలగబెట్టే మరిది మొలెఫీ అంత్యక్రియలకని వచ్చి, ఇంట్లో ఉన్నవీ వాకిట్లో ఉన్నవీ ఊడ్చుకుపోయాడు. కుర్చీలు కూడా వదల్లేదు. నలభై ఒక్క పశువులను తన మందలో కలిపేసుకున్నాడు. చెవి బిళ్లలు పీకించి, పాత ముద్రల మీద తన ముద్ర కాల్పించాడు. వాటిని ఎరిగిన ఒక్క కాపరినీ సరిహద్దు దాటించి పంపేశాడు.

ఊరి రచ్చబండ ఖోట్లాలో పంచాయితీ పెడితే అందరి ముందూ నవ్వాడు.

"మా వదినకు కుండలో మాంసం ఎప్పుడు ఉడికిందో తెలుస్తుంది పెద్దాయనా. గొడ్ల సంగతి ఆవిడకేం తెలుసు?"

ఆమె చేతి వంట తిన్న మగాళ్లే ఇకిలించారు. ఆ రోజు నుంచి ఒనలెన్నాకు ముద్ద దిగడం లేదు. పశువులు తిరిగొస్తే చాలదు. అదే ఖోట్లాలో, అదే మనుషుల ముందు మొలెఫీ నోరు పడిపోవాలి. అది చూశాకే తనకు నిద్ర.

ఊరిపెద్ద శనివారం దాకా గడువిచ్చాడు. "ఆ గొడ్లు నీవని చెప్పే సాక్షిని ఒక్కరిని తీసుకురా తల్లీ. లేదంటే మొలెఫీవేనని తేల్చేస్తాను."

సాక్షి కోసం తిరగాల్సింది పోయి, ఈవిడ బండి కోసం తిరుగుతోంది. బడిలో పిల్లలకు వండిపెట్టి దాచుకున్న డబ్బంతా పట్టుకొచ్చింది.

"తీసుకోండమ్మా," థూసో గొంతు తగ్గించాడు. "డీజిలు గోల లేదు. మీ బోరు దగ్గర సోలార్ పలకలున్నాయి కదా, చార్జింగ్ అక్కడే. లైట్లు ఆర్పుకుని మెల్లగా వెళ్లారనుకోండి, దొడ్డి గుమ్మంలో నిలబడ్డా ఎవరికీ తెలీదు. మీరేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు."

"ఇందులో ఎన్ని గొడ్లు పడతాయి?"

"రెండు. అంటే... ఇరవై ఒక్క ట్రిప్పులు."

"లెక్కలు బాగానే వచ్చు నీకు. ఆ మూలనున్న డీజిలుది స్టార్ట్ చెయ్యి."

థూసో మొహం మాడ్చుకున్నాడు. అది ముసలి పికప్. ఒళ్లంతా కొత్తగా పసుపు రంగు పూశారు. "అదెందుకమ్మా? ఎన్ని చేతులు మారి వచ్చిందో. దాని దగ్గు పక్క ఊరి దాకా వినబడుతుంది. మీ మరిది చెవిటివాడైనా లేచి కూర్చుంటాడు."

ఆమె అప్పటికే ముళ్లచెట్టు దగ్గరికి వెళ్లిపోయింది. అటు తిరిగి కళ్లు మూసుకుంది. ఇంజను మూడుసార్లు దగ్గి, ఎక్కడో ఏదో టంగుమని, ఒక్కసారిగా బొబ్బలు పెట్టింది.

"ఆపి, మళ్లీ స్టార్ట్ చెయ్యి," అంది. మూడుసార్లు అలాగే చేయించింది. వెనక్కి వచ్చేటప్పుడు పైట కొంగులాంటి నల్ల శాలువా అంచుతో కళ్లు ఒత్తుకుంది.

"పొగ," అంది. "ఇదే ఇచ్చెయ్యి."

"అమ్మా, ఒక్కసారి ఆలోచించుకోండి."

"ఆలోచించాను. నేను కరెంటు బండి కొన్నానని మాత్రం ఊరంతా చెప్పు."

థూసోకు తలా తోకా అర్థం కాలేదు. అయినా చెప్పాడు. సాయంత్రానికల్లా ఆ మాట మొలెఫీ చెవిన పడింది. చప్పుడు లేని బండి అనగానే, రాత్రికి రాత్రే గొడ్లను ఎత్తుకుపోతుందనుకున్నాడు. మేత మేస్తున్న మందనంతా తోలుకొచ్చి, ఖోట్లా పక్కనే ఊరిపెద్ద కళ్లెదుట ముళ్లకంచె వేయించి అందులో పెట్టాడు. మూడు రాత్రులు తనే కాపలా కాశాడు.

శనివారం ఒనలెన్నా కావాలనే ఆలస్యంగా బయల్దేరింది. పసుపు బండి నల్లపొగ కక్కుకుంటూ ఖోట్లా ముందుకొచ్చి ఆగేసరికి జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మొలెఫీ కళ్లు నిద్ర లేక చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇదేనా వదినా నీ కరెంటు బండి? ఇది తెలిస్తే హాయిగా పడుకునేవాణ్ణి కదా. సాక్షి ఏడీ? ఒక్కదానివే దిగబడ్డావు."

"ముందు ఆ ఇంజను ఆపు తల్లీ," ఊరిపెద్ద కేకేశాడు. "మాట వినబడటం లేదు."

ఒనలెన్నా ఆపలేదు. మరిది మొహంలోకి చూస్తూ యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కింది.

దొడ్లో మొలెఫీ సొంత పశువులు ఇరవై నెమరేస్తూ పడుకునే ఉన్నాయి.

మిగిలిన నలభై ఒకటీ మాత్రం, అన్న పోయిన వారానికే వదిన వాకిట్లోంచి తీసుకుపోయి మొలెఫీ తెగనమ్ముకున్న ఆ బండి చప్పుడు వినగానే, పదకొండేళ్లుగా అందులో తమకు ఉప్పు మోసుకొచ్చిన మనిషి వచ్చిందని, ముళ్లకంచె తెంచుకుని ఒనలెన్నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి.