ఒకే వ్యానులో

జడ్జిగారు ఆఖరి కాగితం చదివి, మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. మైకు ఊపిరి బిగబట్టింది.

మైకు అంటే మనిషే. ఆసుపత్రి లాండ్రీలో ఆరు పెద్ద మిషన్ల హోరు మధ్య పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఆ హోరు దాటి మాట వినబడాలంటే అరవాలి. అరిచీ అరిచీ ఆమె గొంతు అక్కడే స్థిరపడిపోయింది. చెవిలో రహస్యం చెప్పినా రెండు వార్డులకు వినిపిస్తుంది.

కరోనా రోజుల్లో ఆ గొంతే ఆమెకు కేసు తెచ్చిపెట్టింది.

రోగుల దుప్పట్లు ఉతికేవాళ్లకు గ్లౌజులు లేవు. అడిగితే "రేపు" అన్నారు. ఆ రేపు మూడు వారాలు నడిచింది. పక్క మిషను దగ్గర పనిచేసే పెద్దక్క జ్వరంతో మంచం పట్టాక ఇక ఓపిక నశించింది. లాండ్రీ వాళ్లు పద్నాలుగు మంది డ్యూటీ దిగి గేటు ముందుకొచ్చారు. సుద్దతో నేల మీద సున్నాలు గీసి, మనిషికో సున్నాలో నిలబడ్డారు. "గ్లౌజులివ్వండి!" అని మైకు అరిచింది. మిగతావాళ్లకు నోరు విప్పే అవసరమే రాలేదు.

గంట తిరక్కుండా పోలీసు వ్యాను వచ్చింది. లాక్‌డౌన్‌లో గుమిగూడారని కేసు పెట్టారు. రుజువైతే ఆరు నెలలు జైలు. కేసు తేలేదాకా మైకు టెంపరరీ ఉద్యోగానికి పర్మనెంటు ఆర్డరు ఇచ్చేది లేదని ఆసుపత్రి ఆఫీసు కూడా తేల్చి చెప్పేసింది.

గ్లౌజులు మాత్రం ఆ మర్నాడే వచ్చాయి.

కేసు మూడేళ్లు నడిచింది. కోర్టు వరండాలో ఉన్నది ఒకే ఒక బెంచి. మిగతావాళ్లు బయట చెట్టు కింద చేరితే, దానికి ఒక చివర మైకు, రెండో చివర ఒక పొడుగాయన. ఆ కేసులోనే ఆయనకీ వాయిదా. ఆ రోజు గేటు దగ్గర ఆయనా ఉన్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, వ్యానులో ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు కూడా.

మొదటి వాయిదాకి ఇద్దరూ చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. రెండో వాయిదాకి ఆయన బిస్కెట్ల పొట్లం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. అయిదో వాయిదాకి మధ్యలో పొట్లం పెట్టే చోటు మిగల్లేదు.

ఏడో వాయిదాకి మైకు జ్వరమొచ్చి రాలేకపోయింది. ఎనిమిదోదానికి వచ్చేసరికి పొడుగాయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"పోయినసారి మీరు లేక బెంచి బోసిపోయిందండీ."

"అరుపులు లేక మీ చెవులు సుఖపడ్డాయేమో అనుకున్నా."

"రెండేళ్లుగా వింటున్నా. జన్మంతా విన్నా నాకేం పర్లేదు."

మైకు "సరే" అన్న మాట వరండా ఆ చివరిదాకా వినిపించింది.

సంగతి తెలిసి మైకు తరఫు ప్లీడరమ్మ కళ్లెర్రజేసింది. "కేసు తేలేదాకా మీ ఇద్దరి నోటా పెళ్లి మాట వచ్చిందో, ఈ ఫైలు ఇక్కడే వదిలేసి వెళ్లిపోతా. ఎవరి చివర వాళ్లు కూర్చోండి!"

కూర్చున్నారు. అసలా కేసే చెల్లదంటూ ప్లీడరమ్మ పై కోర్టులో పిటిషను వేసింది. ఇవాళే దాని విచారణ.

జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని ప్రభుత్వ ప్లీడరు వైపు చూశారు.

"వీళ్లు ఎంతెంత ఎడంలో నిలబడ్డారు?"

"రెండేసి మీటర్లని రాసుందండీ."

"మాస్కులు?"

"అందరికీ ఉన్నాయండీ."

"ఎవరికైనా అడ్డుపడ్డారా?"

"అంబులెన్సు వస్తే పక్కకి తప్పుకున్నారని రాసుందండీ."

"వ్యాను ఎంతమంది పట్టేది?"

ప్రభుత్వ ప్లీడరు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "ఎనిమిది మందండీ."

"మరి పద్నాలుగు మందినీ ఎలా తీసుకెళ్లారు?"

"ఒక్క ట్రిప్పులోనే అండీ."

"అంటే రోడ్డు మీద విడివిడిగా ఉన్నవాళ్లని తెచ్చి వ్యానులో గుమిగూడేలా చేశారన్నమాట. నిషేధం మీరిందెవరండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. వెనక గోడవారన నిలబడ్డ పొడుగాయన తల వంచుకుని, నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడ్డాడు. జడ్జిగారు కేసు కొట్టేశారు.

వరండాలోకి రాగానే మైకు "గెలిచాం!" అంది. పక్క హాల్లోంచి బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. "నెమ్మదమ్మా తల్లీ! లోపల వాదనలు ఆగిపోయాయి." పెద్దక్క ఆమెను కావలించుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ప్లీడరమ్మ ఫైలు మూసి పొడుగాయన వైపు తిరిగింది.

"ఇక మీ ఇష్టం నాయనా."

నెల తిరక్కుండా పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చింది. ఆ పై వారం పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసు గదిలో కాలుపెట్టే చోటు లేదు.

"సాక్షులెవరు?" అంది రిజిస్ట్రారమ్మ.

"లాండ్రీ మొత్తం వచ్చిందండీ," అంది పెద్దక్క.

"ముగ్గురు చాలమ్మా!" ఆవిడ నవ్వి, దస్తావేజు ఇద్దరి ముందుకీ జరిపింది. "చూడముచ్చటగా ఉన్నారు. ప్రేమ పెళ్లేనా? ఎలా పరిచయం?"

పొడుగాయన చెవులు ఎర్రబడ్డాయి. మైకు తనకి చేతనైనంత నెమ్మదిగానే చెప్పింది. అయినా ఆఫీసు ఆఫీసంతా కలాలు ఆపి ఆయన వైపు తిరిగింది.

"నన్ను అరెస్టు చేసిన పోలీసాయన ఈయనేనండీ!"